కండెల పెట్టెలో కంప్యూటర్

విను బంగారం, అనగనగా ఒక ఊళ్ళో ఒక వీధి. ఆ వీధిలో ఏ గుమ్మం ముందు నిలబడినా మగ్గం చప్పుడే. అక్కడ భద్రావతి అని ఒక కోడలు ఉండేది. మామగారు మార్కండేయులు మగ్గం మీద చీరలు నేసేవాడు. అత్తగారు నాంచారమ్మ రాట్నం తిప్పి కండెలు చుట్టేది. కండె అంటే తెలుసుగా, మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న నూలు చుట్ట.

భద్రావతేమో చీరల అంచులకు బొమ్మలు గీసేది. నెమళ్ళు, మామిడి పిందెలు, రుద్రాక్షలు. కాగితం మీద కాదు, కంప్యూటర్లో. అది ఆమె చదువుకున్న రోజుల నాటిది. డబ్బా చూస్తే బీరువాకి తమ్ముడిలా ఉండేది. లోపలి ఫ్యాను ఒకటే హోరు. ఇల్లు చిన్నది కదా, మగ్గం ఉన్న గదిలోనే దాన్నీ పెట్టుకుంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకో. నేసేవాళ్ళు కళ్ళతోనే కాదు, చెవులతో కూడా నేస్తారు. పోగు తెగితే 'టప్'మని చిన్న చప్పుడవుతుంది. అది విని మగ్గం ఆపి ముడి వేస్తారు. ఒకరోజు ఆ హోరులో మార్కండేయులుకి ఆ 'టప్' వినిపించలేదు. పెళ్ళి చీరలో మూరెడు పొడుగున గీత పడిపోయింది.

ఆయన కేకలు వెయ్యలేదు. లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "అమ్మాయ్, ఈ గదిలో అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. శుక్రవారం లోపల దాని సంగతి చూడు" అన్నాడు.

ఇంకో గది ఉంటేగా. అమ్మేయడమే. అమ్మేస్తే భద్రావతి బొమ్మలకు అంతటితో సరి. కొత్తది కొనే స్తోమత ఆ ఇంట్లో లేదు.

అప్పుడు భద్రావతి ప్లగ్గు పీకేసి డబ్బా మూత విప్పింది. లోపల చాలా మటుకు ఖాళీయే. అసలు పని చేసే పలక అన్నం తినే కంచమంత కూడా లేదు. ఇంత ప్రాణికి అంత ఇల్లెందుకు అనుకుంది.

ముందు ఒక పప్పుల రేకు డబ్బాకి చిల్లులు పొడిచి, అడుగున చెక్క పరిచి, అన్నీ అందులోకి మార్చింది. ఫ్యాను తిరిగేసరికి రేకంతా అదిరిపోయింది. నాంచారమ్మ రాట్నం ఆపి, "ఇన్నాళ్ళూ హోరే అనుకున్నా, ఇప్పుడు మేళం కూడా పెట్టించావా?" అంది.

భద్రావతి కూర్చుని ఆలోచించింది. రేకు మోగుతుంది, చెక్క మోగదు. అదొకటి. రెండోది ఫ్యాను. నువ్వు అట్టముక్కతో విసురుకుంటే చెయ్యి గబగబా ఆడాలి. పెద్ద విసనకర్రైతే మెల్లగా ఆడించినా చాలు. ఫ్యానూ అంతే. పెద్ద రెక్కలు నింపాదిగా తిరుగుతాయి, చప్పుడు చెయ్యవు. అందుకని కంప్యూటర్ పాత డబ్బాని రిపేరు షాపులో ఇచ్చేసి, బదులుగా వాడేసిన పెద్ద ఫ్యాను ఒకటి తెచ్చుకుంది.

ఆ తర్వాత ఏమైందంటే, మేళమని వెక్కిరించిన ఆ అత్తగారే తన కండెల పెట్టె ఖాళీ చేసి కోడలి ముందుకు తోసింది. టేకు పెట్టె. తడి కండెలు ఆరడానికి పక్కలంతా సందులుంటాయి. "మా అమ్మ ఇచ్చింది. దీని మీద గీత పడిందా, చూస్కో మరి" అంది.

భద్రావతి పాత చెప్పులు కోసి ఫ్యాను కింద రబ్బరు ముక్కలు వేసింది. నూలు దుమ్ము లోపలికి పోకుండా, గాలి వెళ్ళే వైపు గుడ్డ బిగించింది. మీట నొక్కితే చప్పుడే లేదు. కానీ కాసేపటికి పెట్టె పెనంలా కాలిపోయి, కంప్యూటర్ టక్కున ఆగిపోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఆగింది. తెల్లారితే శుక్రవారం.

గుడ్డ విప్పి నోటికి ఆనించి ఊదింది. ఊపిరి తిరిగి ఆమె మొహానికే కొట్టింది. ఎందుకో చెప్పు? అది మగ్గం మీంచి అప్పుడే దిగిన కొత్త గుడ్డ. నేతగాళ్ళ ఇంట్లో నూలుకి గంజి పెట్టకుండా ఉంటారా? ఆ గంజి పోగుల సందులన్నీ మూసేసింది. భద్రావతి దండెం వైపు చూసింది. అక్కడ ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి మెత్తబడ్డ తువ్వాలు ఒకటి ఆరుతోంది.

శుక్రవారం పొద్దున మార్కండేయులు మగ్గంలో కూర్చున్నాడు. నేస్తూ ఉన్నాడు. 'టప్'మంది. ఠక్కున ఆపి ముడి వేశాడు. ముడి వేశాక గది ఇంత నిశ్శబ్దంగా ఉందేమిటా అనిపించి, ఆయన మొహం చిన్నబోయింది.

"అమ్మేశావా అమ్మా? మరి అంచుకి బొమ్మలెవరు గీస్తారు?" అన్నాడు.

"పొద్దుటినుంచీ గీస్తూనే ఉన్నాను మామయ్యా" అంది భద్రావతి.

ఆయన లేచి వచ్చి పెట్టెకి చెవి ఆనించాడు. పోగు తెగితే వినే చెవికి కూడా, నిద్రపోయే పిల్లి ఊపిరంత చప్పుడే వినిపించింది. అప్పుడు కళ్ళు చికిలించి చూశాడు.

"ఇది నా తువ్వాలు కాదూ?"

"తీయకండి మామయ్యా, దాంట్లోంచే ఊపిరి పీలుస్తోంది."

మార్కండేయులు పకపకా నవ్వాడు. దానికే ఉండనీ, నేను ఇంకోటి నేసుకుంటానులే అన్నాడు. ఆ తర్వాత భద్రావతి గీసిన నెమళ్ళన్నీ ఆయన మగ్గం మీద అంచులై ఆడాయి. ఆ అంచు చీర కావాలని వీధి వీధంతా వాళ్ళ గుమ్మంలోనే నిలబడింది.

నెమలేమో అంచుకి,
చీరేమో సంచికి,
కథేమో కంచికి,
మనమేమో ఇంటికి,
నిద్రేమో కంటికి.