తెగిన వైపు రాట

గోదావరి నడుమ ఒక లంకలో, సృష్టి మొత్తం తనను బాగుచేయడానికే నడుస్తోందని నమ్మే సత్తిరాజు అనే రైతు ఉండేవాడు.

ఆ లంకలో ఒక ఆచారం ఉండేది. ఏటా వరద తీశాక, ఏరు కొత్తగా వేసిన ఒండ్రు మేట చివర సత్తిరాజు ఇంటివాళ్ళు ఒక తాటి రాట పాతేవారు. తాత పాతిన రాట ఇప్పుడు మిరపతోట నడుమ ఉంది. తండ్రివి దాని ముందు, సత్తిరాజువి ఇంకా ముందు. అన్నీ వరసగా తూర్పుకే.

"చూశావా? ఏటికి దారి తెలుసు. పురుగు చేపయింది, చేప కోతి అయింది, కోతి మనిషయింది. అంతా పైకే" అనేవాడు సత్తిరాజు, రేవులో ఎవరో చెప్పిన ముక్క పట్టుకుని.

అతని భార్య భూలక్ష్మి పేడతట్ట దించి, "మరి ఈ పేడపురుగు ఇంకా పేడపురుగుగానే ఉందేంటయ్యా? దానికి నీ దారి ఎవరూ చెప్పలేదా?" అనేది.

ఒక ఏడు పడమటి ఒడ్డు తెగడం మొదలైంది. ఇళ్ళ వెనకకే వచ్చింది ఏరు. లంకవాళ్ళు తలుపులు, దూలాలు ఊడదీసి, పడవలకెత్తి ఏటిగట్టు మీదికి తరలిపోయారు. సత్తిరాజు మాత్రం తన ఇల్లు విప్పి, తూర్పున చివరి రాట పక్కన పాక వేయబోయాడు.

"నిన్నగాక మొన్న పడ్డ మట్టి మీద కాపురమా? పడవ ఉండగానే పోదాం పదవయ్యా" అని బతిమాలింది భూలక్ష్మి.

"ఇన్ని రాటలు అబద్ధం చెబుతాయా?"

"పెరిగిన వైపే పాతారు మీ వంశమంతా. తెగిన వైపు ఒక్కటైనా పాతారా?"

సత్తిరాజు పకపకా నవ్వాడు. "తెగిన వైపు పాతితే నిలుస్తుందటే, వెర్రిదానా!"

అన్నాక ఆ మాట అతనికే ఎక్కడో గుచ్చుకుంది. కానీ పెళ్ళాం ముందు మాట మార్చుకుంటే మీసాలు రాలిపోవూ! పాక అక్కడే వేశాడు.

శ్రావణంలో ఒక పొద్దున ఏరు తూర్పుకు తిరిగింది. దానికి కోపమూ లేదు, కక్షా లేదు. వాలు ఎటుంటే అటు వచ్చింది. తాత రాట దాకా, రెండు తరాల మట్టిని పూట తిరగకుండా కోసుకుపోయింది. దూడ పలుపు విప్పడానికి వెళ్ళిన భూలక్ష్మి పాకతో సహా పోయింది. గట్టు మీంచి పడవ వేసుకొచ్చినవాళ్ళకు సత్తిరాజు ఒక్కడే దొరికాడు, తాత పాతిన రాటను కావలించుకుని.

వరద తీసింది. పడమట, అందరి ఇళ్ళూ కూలిన చోటే, నున్నటి కొత్త మేట పడింది. లంకవాళ్ళు తిరిగొచ్చారు.

"రాట పాతు, సత్తిరాజన్నా! ఏరు మళ్ళీ మనకే ఇస్తోంది" అన్నారు సంబరంగా.

సత్తిరాజు రాట భుజాన వేసుకుని తూర్పుకు నడిచాడు. మొలలోతు నీళ్ళలో దిగి, పాక ఉండిన వైపు పాతాడు. ఏరు పీకేసింది. మర్నాడు ఇంకొకటి పాతాడు. అదీ పోయింది.

"ఇదేం పనన్నా? అక్కడ నిలుస్తుందా?" అన్నారు.

"నిలవదు. ఒక్కటైనా పాతారా అని మీ వదిన అడిగింది" అన్నాడు.

చచ్చేదాకా పాతాడు. ఒక్కటీ నిలవలేదు.

నీతి: కాలానికి గమ్యమూ లేదు, మన మీద జాలీ లేదు, మునిగినవాళ్ళకు రాటలుండవు గనక, మిగిలినవాళ్ళు తమ రాటలు చూసుకుని అదే లోకం నడిచే దారి అనుకుంటారు.