గుట్ట మీద గొంతు, గోతిలో నక్క

అనగనగా ఒక అడవిలో ఒక గుట్ట, ఆ గుట్ట మీద దేవుడి బండ. చీకటి ఇంకా విడవకముందే జంతువులన్నీ ఆ బండ చుట్టూ చేరేవి. కళ్లు మూసుకుని, ఎవరి గొంతుతో వాళ్లు "స్వామీ, వచ్చాను" అని పిలిచేవి. ఏ గొంతైనా వినబడకపోతే, పాపం ఏమైందోనని మిగతావన్నీ వెతుక్కుంటూ వెళ్లేవి. అది ఆ అడవి ఆచారం.

అక్కడ సింగన్న అనే నక్క ఉండేవాడు. నక్కకి ఆ పేరేమిటని నన్నడక్కండి, వాళ్లమ్మనడగండి. ఒక ఎండాకాలం అడవి తగలబడింది. సింగన్న మంటల మధ్య చిక్కుకున్నాడు.

"స్వామీ, కాపాడు! బతికున్నంత కాలం రోజూ నీ దగ్గరికొస్తా!" అని మొక్కుకున్నాడు.

వాన కురిసింది. మంటలు ఆరాయి. సింగన్న బతికి బయటపడ్డాడు.

అబ్బో, అప్పుడు చూడాలి ఆ భక్తి! అందరికంటే ముందే గుట్టెక్కేవాడు. అందరికంటే గట్టిగా పిలిచేవాడు. ముళ్లపంది అవ్వ మెల్లగా వస్తుంటే, "ఏం అవ్వా, ఇంకా నిద్ర వదల్లేదా?" అని ఆటపట్టించేవాడు.

"నా నడక ఇంతే నాయనా. రేపూ ఇంతే," అనేది అవ్వ.

చలికాలం వచ్చింది. పొదలో వెచ్చగా ఉంది. సింగన్నకి లేవబుద్ధి కాలేదు. గోరువంకని పిలిచాడు. అది ఎవరి గొంతునైనా అచ్చం అలాగే పలికేది.

"చెల్లీ, ఇవాళ మంచు పడుతోంది. నా గొంతుతో నువ్వు పిలిచెయ్. మేడిపళ్లు పెడతాలే."

"దేవుడికి తెలిసిపోదా అన్నా?"

"ఆయనకి బోలెడు పనులు. నీకెందుకు, పిలువు!"

మర్నాడు కడుపు బరువుగా ఉందన్నాడు. ఆ మర్నాడు ఏ వంకా చెప్పలేదు, పళ్లు మాత్రం పెట్టాడు. ఇక అదే అలవాటైపోయింది.

ఒకరోజు తెల్లవారుతుండగా ఎక్కడినుంచో కోడి వాసన వచ్చింది. దేవుడి కోసం లేవనివాడు కోడి కోసం చటుక్కున లేచాడు. ఆకుల మీద కాలు పెట్టాడో లేదో, దభీమని గోతిలో పడ్డాడు. అది వేటగాడు తవ్విన గొయ్యి. పొద్దెక్కితే వేటగాడొస్తాడు. సింగన్న ఎగిరి చూశాడు. మట్టి గీరి చూశాడు. లాభం లేకపోయింది.

"పర్లేదు. నా గొంతు వినబడకపోతే వాళ్లే వెతుక్కుంటూ వస్తారు," అనుకున్నాడు.

అంతలో గుట్ట మీంచి వినబడింది.

"స్వామీ, వచ్చాను!"

తన గొంతే. ఇంక తన కోసం ఎవరొస్తారు? భయంతో, సిగ్గుతో ఏడుపు తన్నుకొచ్చింది.

"స్వామీ, నేను రాలేదు! రావడం మానేసి చాన్నాళ్లయింది! అక్కడున్నది నేను కాదు!" అని గొంతు చించుకుని అరిచాడు.

గుట్ట మీద ముళ్లపంది అవ్వ కళ్లు తెరిచింది.

"ఒక్క సింగన్నకి రెండు గొంతులేమిటర్రా?" అంది.

గోరువంక తలదించుకుని ఉన్నదంతా చెప్పేసింది. అందరూ కిందికి పరుగెత్తారు. ఎలుగుబంటి ఒక ఎండు మొద్దుని గోతిలోకి దించింది. సింగన్న దాన్ని పట్టుకుని పాకి, బెణికిన కాలితో పైకొచ్చాడు.

"అవ్వా, స్వామికి నా మీద కోపమొచ్చి ఉంటుందా?" అని అడిగాడు.

"నాకేం తెలుసు? వెళ్లి ఆయన్నే అడుగు."

"కాలు నొప్పిగా ఉంది కదా. రేపు వెళ్తాలే."

అవ్వ వెనక్కి తిరిగి మళ్లీ గుట్ట వైపు నడిచింది.

"మళ్లీ ఎక్కడికవ్వా?"

"నీ అరుపు విని వచ్చేశాను. నేనింకా పిలవలేదు," అంది అవ్వ.

సింగన్న కుంటుకుంటూ ఆమె వెనకే ఎక్కాడు. బండ ముందు నిలబడి కళ్లు మూసుకున్నాడు.

"స్వామీ, ఇవాళ వచ్చింది నేనే," అన్నాడు.

నీతి: ఆపదలో పుట్టిన భక్తిని సుఖంలోనూ విడవకూడదు, దేవుణ్ణి ప్రతిరోజూ ఎవరికి వారే ప్రేమించాలి.