పొగరు కాదన్న హనుమక్క

ఊఁ కొడుతూ వినండి. ఎప్పుడు జరిగిందని అడిగితే మాత్రం నేను చెప్పలేను. మా అవ్వకి వాళ్ళ అవ్వ చెప్పేనాటికే ఇది పాత కథ.

ముళ్ళకొండ కింద బలుసుకోట అని ఒక ఊరు ఉండేదంట. ఊరికి ఒక కోట, కోటకి ఒక దొర. ఆయన పేరు ఓబులనాయుడు. కోట వెనక మేకల దొడ్డి. దొడ్డిలో ముప్పై పాడి మేకలు. ఆ ముప్పైటినీ చూసుకునే మనిషి హనుమక్క.

హనుమక్కకి మొగుడు పోయాడు. పిల్లలు లేరు. కోటవాళ్ళు రోజుకి సోలెడు జొన్నలు, ఏడాదికి ఒక చీర ఇచ్చేవాళ్ళు. పొద్దున్నే పాలు పితికేది, మేకల్ని కొండకి తోలేది, పొద్దు వాలేసరికి దింపుకొచ్చేది. కొండ మీద మేకలు వెనక కాళ్ళ మీద నిలబడి రేగాకు అందుకునేవి, బలుసాకు తెంపేవి, రాలిన తుమ్మకాయలు ఏరుకుని తినేవి. ఎండ ముదిరితే రాళ్ళ నీడన పడుకుని నెమరు వేసేవి. ఏ మేకా ఎవర్నీ పొడిచింది లేదు. పాలు పితికేటప్పుడు కాలు కదిపింది లేదు.

ఒక ఏడు వానలు పడలేదు. చేలు మాడిపోయాయి. సరిగ్గా ఆ ఏడే దొరకి మూడో పెళ్ళి మీద మనసు పుట్టింది. పెళ్ళికూతురు పడుచుపిల్ల, దొరకేమో నెత్తి నెరిసింది. నలభై రోజులు మేకపాలతో స్నానం చేస్తే ఒళ్ళు నిగనిగలాడుతుందని ఎవరో చెవిలో వేశారు. ఊళ్ళో పసిపిల్లల నోట్లోకి పాలచుక్క లేదు. దొర ఒంటికి మాత్రం గంగాళం నిండా పాలు కావాలి.

కోట పెత్తనమంతా కదిరప్పది. వాడు దొర ముందు చేతులు కట్టుకుని, మేకల్ని కొండకి తోలడం వల్లే పాలు తగ్గుతున్నాయని, దొడ్డిలో కట్టేసి గింజలు మేపితే రెండింతలు ఇస్తాయని చెప్పాడు. గింజలెక్కడివి? ఊరివి. కావలివాళ్ళు మూడు వీధులూ తిరిగారు. కుండల్లో దాచుకున్న జొన్నలు ఊడ్చారు, విత్తనానికి ఉంచుకున్నవి ఊడ్చారు, బాలింత ఇంట్లో చాటలో ఉన్న పిడికెడు కూడా ఊడ్చారు. జనానికి తినడానికేమీ మిగల్లేదు. కొండెక్కి ఆకులు దూసుకొచ్చి, ఉడకేసుకుని తినడం మొదలుపెట్టారు.

చూశారా న్యాయం? మేకలు తినే ఆకు మనుషులకి. మనుషులు తినే గింజ మేకలకి.

హనుమక్క కదిరప్ప దగ్గరికి పోయింది. మేక కడుపు ఆకుకి అలవాటు పడిన కడుపని, ఆకు నమిలి, నెమరేసి, ఆ నోటి ఊట లోపలికి దిగితేనే దానికి తిన్నది ఒంటబడుతుందని, ఉట్టి గింజలు పోస్తే లోపల పులిసి మంట పెడతాయని చెప్పింది. కదిరప్ప నవ్వాడు. ముళ్ళు అరిగించుకునేదానికి జొన్నలు అరగవా అన్నాడు.

మేకలకి నానబెట్టిన జొన్నలు తొట్ల నిండా పోశారు. మేకలు ఎగబడి తిన్నాయి. మూడు రోజులు పాలు పెరిగాయి. దొర పాలలో మునిగి తేలాడు. కదిరప్ప చేతికి వెండి కడియం తొడిగాడు.

నాలుగో రోజు మేకలు నెమరు మానేశాయి.

మేకలు పళ్ళు పటపట కొరుకుతున్నాయి. కాలెత్తి తమ పొట్టనే తన్నుకుంటున్నాయి. దొడ్డి కర్రలు కొరికాయి, తాళ్ళు నమిలాయి, ఒకదాని బొచ్చు ఒకటి పీక్కుని తిన్నాయి. నల్లగా గుండ్రంగా పడాల్సిన పెంటికలు జారుడుగా, పుల్లటి కంపుతో కారాయి. పొదుగు మీద చెయ్యి వేస్తే తన్నాయి. దగ్గరికొస్తే పొడిచాయి. పాలు సగానికి పడిపోయాయి.

కోట గింజలు తిని మేకలకి పొగరు పట్టిందన్నాడు కదిరప్ప. కాళ్ళు కట్టేసి కొట్టమన్నాడు. కావలివాళ్ళు కాళ్ళు కట్టేశారు, కొట్టారు. మొదటి మేక ఆ సాయంత్రమే చచ్చిపోయింది.

హనుమక్క రెండోసారి పోయింది. ఈసారి నేరుగా దొర దగ్గరికే. దొర అప్పుడే స్నానం చేసి కూర్చున్నాడు. ఆమె తలుపు దగ్గరే నిలబడి, చేతులు జోడించి చెప్పింది.

"పొగరు కాదు దొరా, కడుపు నొప్పి. మీరొక్కసారి వచ్చి దాని ఎడమ డొక్క మీద చెయ్యి పెట్టి చూడండి. మీకే తెలుస్తుంది."

దొర మొహం చిట్లించుకున్నాడు. మేకని ముట్టుకుంటే కంపు కొడుతుందట. దాని పాలు నెత్తి మీద నుంచి పోసుకున్న మనిషి అన్న మాట ఇది. ఆమెని గెంటించి, ఆ రోజు సోలెడు జొన్నలు ఇవ్వొద్దని చెప్పాడు. రెండో మేక చచ్చిపోయింది.

ఇంతలో ఊళ్ళో పిల్లలు వరసగా పడకేశారు. ఆకులు తిని తిని పొట్టలు ఉబ్బాయి, కాళ్ళు సన్నబడ్డాయి. మగవాళ్ళని పెళ్ళి పందిరి వేయడానికి రమ్మంటే గుంజ ఎత్తలేక అక్కడే కూలబడ్డారు. కొందరు రాలేమన్నారు. అందరూ కోట ముందుకొచ్చి, మా గింజలు మాకియ్యండి, పనికొస్తాం అని అడిగారు. కదిరప్ప మెట్ల మీద నిలబడి, వీళ్ళకి కూడా పొగరు పట్టిందన్నాడు. కర్రలు తెమ్మన్నాడు.

మూడో మేక కూడా పోయిందని చెప్పడానికి హనుమక్క అప్పుడే అక్కడికొచ్చింది. కర్రలు చూసింది. కూలబడ్డ మనుషుల్ని చూసింది. దొడ్లో మేకల మీద లేచిన కర్రలూ ఇవే. పుట్టి బుద్ధెరిగాక కోటలో ఎవరి ఎదుటా గొంతు పెంచని మనిషి, జనం మధ్యలోంచి గట్టిగా అంది.

"పొగరు కాదు కదిరప్పా, కడుపు నొప్పి. దొడ్లో వాటిదీ అదే, ఇక్కడ వీళ్ళదీ అదే. పెట్టకూడనిది పెట్టింది మీరు. దెబ్బలు మాకా?"

జనమంతా ఆమె వైపు తిరిగి చూశారు. కావలివాళ్ళు ఆమెని పక్కకి ఈడ్చేశారు. ఆ రోజు ఆమెనీ, జనాన్నీ కర్రలు విరిగేదాకా కొట్టారు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. దొర పాలగంగాళంలో ఉన్నాడు. కదిరప్ప పక్కన నిలబడి చెంబుతో పోస్తున్నాడు. హనుమక్క దొడ్డి దగ్గరికి వచ్చింది. తలుపుకి ఇనుప గడియ బిగించి ఉంది. ఆమె ఒళ్ళంతా దెబ్బలు. రాయి తీసుకుని గడియ మీద మూడు దెబ్బలు వేసింది. మూడో దెబ్బకి గడియ ఊడింది. మేకల కాళ్ళకున్న కట్లు కోసి, కొండ వైపు అదిలించింది. అవి తూలుతూ, ఒకదానికొకటి ఒరుసుకుంటూ బయటపడ్డాయి. తర్వాత వీధిలోకి చూసి, తొట్లలో గింజలున్నాయి, వచ్చి మీవి మీరు తీసుకుపొండి అని పిలిచింది. ఆడవాళ్ళు కొంగులు పట్టుకుని వచ్చారు.

చప్పుడు విని కదిరప్ప కావలివాళ్ళతో పరిగెత్తుకొచ్చాడు. హనుమక్క పారిపోలేదు. పారిపోతే తలుపు మూసేస్తారు. రెండు చేతులతో రెండు గుంజలు పట్టుకుని వాకిలికి అడ్డంగా నిలబడింది. ఆమె చేతుల కింది నుంచి ఆడవాళ్ళు గింజలు తీసుకుపోతూనే ఉన్నారు. కదిరప్ప తనే కర్ర తీసుకున్నాడు. ఒక దెబ్బ వేశాడు. ఆమె వదల్లేదు. రెండో దెబ్బ వేశాడు. వదల్లేదు. మూడో దెబ్బకి తల పగిలింది. అయినా గుంజలు వదల్లేదు.

కావలివాళ్ళలో మారెప్ప అని ఒకడున్నాడు. కొంగు నిండా జొన్నలతో ఆమె చెయ్యి కింద నుంచి వంగి బయటికొస్తున్నది వాడి తల్లే. వాడు కర్ర కింద పడేశాడు. వాడిని చూసి ఇంకొకడు పడేశాడు. చివరికి కదిరప్ప చేతిలో తప్ప కర్ర ఎవరి చేతిలోనూ లేదు.

అందరూ కలిసి హనుమక్కని మంచం మీద వేసుకుని కొండ మీదికి మోసుకుపోయారు. ఊళ్ళో ఉంచితే దొర బతకనివ్వడని భయం. అక్కడ మేకలు ఎండుటాకులు, తుమ్మకాయలు కొద్దికొద్దిగా తింటున్నాయి. మూడో రోజుకి నెమరు వేశాయి. మెత్తగా, తన్నకుండా, పొడవకుండా పాలిచ్చాయి. కొట్టినవాళ్ళ చేతికీ ఇచ్చాయి. ఆ మొదటి పాలు పసిపిల్లల నోట్లో పోశారు. హనుమక్కకి మాట సరిగా రావడం లేదు. పిల్లలు తాగారా అని అడిగింది. తాగారన్నారు. ఆ సాయంత్రమే ఆమె పోయింది.

దొర మనుషుల్ని పంపాడు. మేకల్ని దించడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. పాలు పితికేవాళ్ళు లేరు, పందిరి వేసేవాళ్ళు లేరు, కోటకి నీళ్ళు మోసేవాళ్ళు లేరు. పెళ్ళివారు వచ్చి ఖాళీ వాకిలి చూసి వెనక్కి పోయారు. చివరికి దొరే గాదెలు తెరిపించి, ఎవరి గింజలు వాళ్ళకి కొలిపించాడు. కదిరప్ప చేతి వెండి కడియం తీసేసుకుని, వాణ్ణి ఊరు దాటించాడు. దొర తన తప్పు మాత్రం ఒప్పుకోలేదు. అలాంటివాళ్ళు ఎప్పుడు ఒప్పుకున్నారు గనుక?

ఆ కోట ఇప్పుడు లేదు. దొర ఏమయ్యాడో ఎవరికీ పట్టలేదు. ముళ్ళకొండ చుట్టుపక్కల ఊళ్ళలో మాత్రం మేకల దొడ్డికి ఇవాళ్టికీ ఇనుప గడియ పెట్టరు. పసిబిడ్డ లాగినా ఊడేటట్టు గడ్డితాడు కడతారు. కొత్త దొడ్డి వేసినప్పుడు ఆ తాడు కట్టేది మేకలు మేపే ఆడమనిషే.

ఇంకో కట్టడి కూడా ఉంది. అక్కడ ఎవరైనా ఒక కూలివాణ్ణి పట్టుకుని, నీకు పొగరెక్కువైందిరా అన్నాడనుకోండి. పక్కనున్నవాళ్ళలో ఎవరో ఒకరు లేచి, పొద్దున ఏం తిన్నావు నాయనా అని ఆ కూలివాణ్ణి అడుగుతారు. అతను జవాబు చెప్పేదాకా, తిట్టిన మనిషి ఎంత పెద్దవాడైనా సరే, నోరు మూసుకుని నిలబడాలి.