సెలవు తెలిసిన గడియారం

కోనవరం జమీందారు, గడియారాలు బాగుచేసి అమ్మే మౌలాలి దుకాణంలో దొరలు వాడిన పాత బల్లగడియారం ఒకటి కొని కచేరీలో దివాను గదిలో పెట్టించాడు. అది ఎనిమిది కొట్టేలోపు ఉద్యోగులంతా రావాలని ఉత్తరువు చేశాడు. నెల తిరక్కుండానే మౌలాలికి పిలుపొచ్చింది.

"రోజూ అరగంట వెనకబడుతోంది. ఇలాంటి మోసగాణ్ణి ఊళ్ళో ఉండనివ్వకూడదు ప్రభూ," అన్నాడు దివాను వెంకోజీ.

మౌలాలి గడియారం వెనక తలుపు తీసి చూశాడు, చెవి ఆనించి విన్నాడు. లోపల ఏ లోపమూ లేదు. మరి దివానుకు తనను ఊరు దాటించాలని ఇంత తొందర ఎందుకు? అతని మనసులో అనుమానం మెదిలింది.

రోజూ మధ్యాహ్నం పన్నెండుకు కోట ఫిరంగి పేలగానే గడియారం ముళ్ళు సరిచేసే బంట్రోతు వైపు తిరిగాడు.

"కచేరీకి సెలవైతే ఎంత వెనకబడుతుంది నాయనా?"

"ఆ రోజు సరిగ్గానే నడుస్తుందండీ. పొద్దున దివాన్‌గారు రారు, నేను మధ్యాహ్నం తాళం తీసి చూస్తాను."

మౌలాలి జమీందారుకు చేతులు జోడించాడు.

"ప్రభూ, తప్పు నాదైతే ఊరు విడిచి పోతాను. కానీ ఈ రోజు సెలవని గడియారానికి ఎవరు చెబుతున్నారో ముందు కనుక్కోండి."

దివాను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. జమీందారు అతన్నీ, గడియారం ముళ్ళనీ మార్చి మార్చి చూశాడు.

"గడియారాన్ని నా గదిలోకి మార్చు మౌలాలీ," అన్నాడు చివరికి. "రేపటి నుంచి దివాన్‌గారు ఎనిమిదింటికి అక్కడ నాకు కనబడి వెళతారు."