కమ్మరి ఈరయ్య తెర

ఇటు జరగండర్రా, కాళ్ళు దుప్పట్లో పెట్టుకోండి. సాత్వికూ, ఆ ఫోను అవతల పడెయ్యి నాన్నా. ఇందాక అన్నం తింటూ ఏమన్నావు? రాకెట్లు చేసే దేశాల వాళ్ళకి పుట్టుకతోనే బుర్ర ఎక్కువా అని కదూ? సరే, విను. నువ్వు కూడానే కీర్తీ.

అనగనగనగా ఒక పెద్ద కొండ. కొండకి ఇవతల ఏటి ఒడ్డున రేవుపాడు, అవతల వెనకపల్లి. రెండూళ్ళకీ రాజుగారు ఒక్కరే. అదే వాన, అదే మట్టి. కానీ రేవుపాట్లో గాదెల నిండా ధాన్యం, పెంకుటిళ్ళు, నీళ్ళు తోడే చక్రాలు. వెనకపల్లిలో జొన్నగంజి, అదీ ఒంటిపూటే. ఎందుకంటారు?

రాజుగారికీ అదే అనుమానం వచ్చింది. మంత్రిని పిలిచి కనుక్కోమన్నాడు. ఆ మహానుభావుడు ఏం చేశాడో తెలుసా? తాడు పట్టుకుని అందరి తలకాయలూ కొలిచాడు! రేవుపాడు కొలిచాడు, వెనకపల్లి కొలిచాడు, చివరికి కోట కూడా కొలిచాడు. అందరికన్నా పెద్ద తలకాయ రాజుగారి బావమరిదిదిట. ఆయనేమో ఏ చెప్పు ఏ కాలిదో తెలియక చెప్పులు తొడుక్కోవడమే మానేసినవాడు. నవ్వకండి, నిద్ర చెడుతుంది.

రాజుగారికి మాత్రం నవ్వు రాలేదు. తలకాయల లెక్క తేలకపోయేసరికి, వెనకపల్లి వాళ్ళు ఒట్టి సోమరిపోతులు, వచ్చే దసరాకల్లా బాగుపడకపోతే ఊరు ఖాళీ చేయించి ఆ భూములు వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని దండోరా వేయించాడు. పాపం, ఆ ఊళ్ళో ఆరోజు పొయ్యి వెలగలేదు. పిల్లాజెల్లాతో ఎక్కడికి పోతారు చెప్పండి?

ఊ కొడుతున్నారా? ఆఁ.

ఆ ఊళ్ళో ఒక వింత ఆచారం ఉండేది. ఎవరి పనిలో గుట్టు వాళ్ళింట్లోనే ఉండాలి. కుమ్మరి తెర కట్టుకుని కుండలు కాల్చేవాడు. సాలెవాడు తలుపులేసుకుని రంగులు కలిపేవాడు. కమ్మరి ఈరయ్య తెర వెనక కూర్చుని నాగలి కర్రుకి పదును పెట్టేవాడు. ఆ గుట్టు తండ్రి ప్రాణం పోయేముందు పెద్దకొడుకు చెవిలో ఊదాలి. ఇంకెవరికీ తెలియకూడదు, పెళ్ళానికైనా సరే.

ఈరయ్య కోడలు మరిడమ్మ. రేవుపాటి కమ్మరి కూతురు, కొత్తగా కాపరానికి వచ్చింది. మామగారు చేసిన కర్రు రాయి తగిలితే చాలు, పుటుక్కుమనేది. కర్రు విరిగితే దుక్కి ఆగింది, దుక్కి ఆగితే పంట పోయింది, పంట పోతే గంజే గతి. మరిడమ్మ అన్నీ చూస్తూనే ఉంది. కొత్త కోడలు నోరెత్తకూడదని ఊరుకుంది. తెర వెనక తనకి తెలియని విద్య ఏదో ఉండే ఉంటుందిలే అని కూడా అనుకుంది.

దండోరా విన్నాక ఇంక ఉండబట్టలేదు. ఊరంతా కొలిమి దగ్గర చేరి ఉండగా తిన్నగా మామగారి దగ్గరికి వెళ్ళింది.

“మావయ్యా, ఊరే పోయాక గుట్టెందుకు? ఆ తెర ఒక్కసారి తియ్యి” అంది.

ఈరయ్య చేతిలో సుత్తి కిందపడింది. ముసలాయన గోడకి చేరగిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“లోపల ఏమీ లేదే అమ్మా! మా నాన్న తాడిచెట్టు మీంచి పడి, మాట చెప్పకుండానే పోయాడు. నలభై ఏళ్ళుగా ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను. అంతే!” అన్నాడు.

అయ్యో, ఎంత సిగ్గు మోశాడో చూడండి! ఆయన చెప్పేసరికి కుమ్మరి కూడా లేచాడు. వాళ్ళ తాత పాముకాటుకి పోతే ఆ గుట్టూ ఆయనతోనే పోయిందిట. సాలెవాడికి తెలిసింది సగమేనట. ఇన్నాళ్ళూ అందరూ కాపలా కాసింది దేనికి? ఉత్త గుడ్డలకి!

అప్పుడు మరిడమ్మ కొలిమి దగ్గర కూర్చుని అందరి ఎదుటా చేసి చూపించింది. కర్రు ఎర్రగా కాల్చి, మొన ఒక్కటే ముంచి తీసి, ఇసకతో రుద్దింది. వెనకవైపు వేడి మెల్లిగా మొనకి పాకింది. మొన ఎండుగడ్డి రంగు తిరగ్గానే మొత్తం ముంచేసింది. తీసి బండ మీద కొడితే ఖంగుమంది గానీ విరగలేదు.

ఈరయ్య కోడలికి రెండు చేతులూ జోడించాడు. మరిడమ్మ కంగారుపడి ఆయన చేతులు పట్టుకుని దించేసింది. తమ ఊరివాళ్ళ గొప్పేం లేదని చెప్పింది. ఏరు పొంగితే దూరదేశాల బళ్ళు రోజుల తరబడి రేవులో ఆగిపోయేవి. ఊరివాళ్ళు ఆ బండివాళ్ళకింత గంజి పోసి, మీ ఊళ్ళో ఇది ఎలా చేస్తారని అడిగేవాళ్ళు. ఒకరు చక్రం చెప్పారు, ఒకరు పెంకు చెప్పారు. మీ గుమ్మంలోకి బళ్ళు రానీకుండా కొండ అడ్డమొచ్చింది, వచ్చిన కాస్త విద్యకీ మీరు తెర అడ్డం కట్టారు అంది.

నిజమేనర్రా. నాకు ఆవకాయ కలపడం నేర్పింది మా అత్తగారు కాదు, పక్క వాటాలో అద్దెకున్న రహమత్‌బీ. అసలు ఆ మిరపకాయే సముద్రాలు దాటి వచ్చిందిట. ఆ తల్లి ఎక్కడుందో గానీ, చల్లగా ఉండాలి.

ఇంకేముంది, తెరలన్నీ ఊడబెరికారు. ఒకరు చేసేది ఒకరు చూశారు, ఒకరి తప్పు ఒకరు దిద్దారు. విరగని గడ్డపారలు చేసుకుని ఊరు ఊరంతా కొండని తొలిచి బండిబాట వేసింది. బాటలో బండి వచ్చింది, బండితో మనిషి వచ్చాడు, మనిషితో మాట వచ్చింది, మాటతో పని వచ్చింది, పనితో పంట వచ్చింది.

దసరాకి ఊరు ఖాళీ చేయిద్దామని రాజుగారు వచ్చాడు. చేలు నడుం ఎత్తున ఉన్నాయి. గడ్డపార పట్టుకు చూసి, ఈ విద్య ఎవరిదని అడిగాడు.

ఈరయ్య చెప్పాడు. “నాకు మా కోడలు చెప్పింది. కోడలికి వాళ్ళ నాన్న చెప్పాడు. ఆయనకి రేవులో ఆగిన బండాయన చెప్పాడు. బండాయనకి దారిలో ఎవరో కమ్మరి చెప్పాడుట. ఆ కమ్మరి పేరు ఎవరికీ తెలియదు బాబయ్యా.”

రాజుగారు తలపాగా తీసి చంకలో పెట్టుకుని, సోమరులన్నందుకు ఊరివాళ్ళని క్షమించమన్నాడు. ఆ భూములు ఎప్పటికీ మీవేనన్నాడు. ఊరంతా సుఖంగా ఉంది.

బుర్రలు అందరివీ ఒకటే నాన్నా. చెప్పేవాళ్ళు దొరకడం అదృష్టం, తెలిసింది నలుగురికీ చెప్పడం మన పని.

ఆనాటినుంచి వెనకపల్లిలో ఏ కమ్మరైనా పొద్దున్నే మొదటి దెబ్బ వేసేముందు ఆ బాటవైపు తిరిగి, పేరు తెలియని ఆయనకి ఒక దణ్ణం పెట్టుకుంటాడు.

కథేమో కంచి బండెక్కింది, మనం కళ్ళు మూసుకుందాం.