దిద్దుబాటు చీటీలో నరసమ్మ

మా సిద్ధాంతిగారికి ఓర్పు తక్కువ. ప్రశ్న మంచిదైతే జవాబు చెప్పేవారు, వెర్రిదైతే కథ చెప్పేవారు. ఆ రోజు మాతోపాటు ఆయన దగ్గర చదువుకునే చలపతికి దక్కింది కథే.

చలపతి ఆర్నెల్లు కూర్చుని వందేళ్ళ పాత పంచాంగాలన్నీ తిరగేసి, మన వైపు గణితవేత్తల జాబితా ఒకటి తయారుచేశాడు. మర్నాడు అచ్చుకు పోవాలి. "నూట పన్నెండు పేర్లు తేలాయండీ. ఒక్క ఆడపేరూ లేదు. గణితం వాళ్ళకి అబ్బలేదనే కదా అర్థం?" అన్నాడు. సిద్ధాంతిగారు పొడుంకాయ విసురుగా మూసి మొదలుపెట్టారు.

"గోదావరి ఒడ్డున లచ్చావధాన్లు పంచాంగానికి తిరుగులేదు. అందులో వేసిన గ్రహణం ఘడియ తప్పేది కాదు. గవ్వలు పరిచి ఆ లెక్కలు కట్టేది ఆయన వదిన నరసమ్మ. ఇరవయ్యేళ్ళు కట్టి, చివరికి నోరు విడిచి అడిగింది. 'అవధాన్లూ, ఈ ఏడు అట్ట మీద నీ పేరు కింద నా పేరు కూడా వేయించవయ్యా.' 'ఆడపేరు చూస్తే పంచాంగం ఎవడు ముట్టుకుంటాడు వదినా!' అని ఆయన కస్సుమన్నాడు. ఆవిడ గవ్వలు సంచీలో పోసి మూతి బిగించేసింది. ఆ ఏడు లెక్క ఆయనే కట్టుకున్నాడు.

"సూర్యగ్రహణం నాడు ఊరు ఊరంతా పట్టు స్నానానికి మొలలోతు నీళ్ళలో నిలబడింది. సూర్యుడు నిక్షేపంగా వెలుగుతున్నాడు. జనం విసిగి ఇళ్ళకు పోయి, వండుకుని, విస్తళ్ళ ముందు కూర్చున్నాక పట్టింది గ్రహణం! ఎత్తిన ముద్ద ఎత్తినట్టే ఉండిపోయింది. అందరూ కలిసి అవధాన్లు ఇంటి మీదికి వెళ్ళారు. ఆ మహానుభావుడు పరువు దక్కించుకోవడానికి వారం తిరక్కుండా ఒక దిద్దుబాటు చీటీ అచ్చు వేయించి పంచాంగాల్లో అంటింపజేశాడు. 'ఏటేటా గణితమంతయు మా వదినగారగు నరసమ్మకు విడిచిపెట్టుచుండుటచే ఈ పొరపాటు దొరలినది.' ఆవిడ కన్నెత్తి చూడని లెక్కకురా! అచ్చులో నరసమ్మ పేరు పడింది అదొక్కసారే."

చలపతి తల గోక్కున్నాడు. "ఆ చీటీ నేనూ చూశానండీ. లెక్క తప్పినావిడ కదా, జాబితాలో ఎందుకులే అని వదిలేశాను."

మాకు ఒళ్ళు మండింది.

"'ఏటేటా' అన్న మాట దగ్గర నీ కళ్ళు ఎందుకు ఆగలేదురా?" అన్నారు సిద్ధాంతిగారు.