ఆకాశతల్లికి కళ్ళు దిద్దిన రోజు

అనగనగా నైలునది ఒడ్డున, ఎర్రకొండల నీడలో ఒక ఊరు. ఆ ఊళ్ళో హూయి అనే చిత్రకారుడు ఉండేవాడు కన్నా. రాజులు పోతే అక్కడ కొండను తొలిచి సమాధి కట్టేవాళ్ళు. దాని గోడల మీద హూయి దేవుళ్ళ బొమ్మలు వేసేవాడు. సమాధి మూశాక ఆ బొమ్మలకు ప్రాణం వస్తుందని వాళ్ళ నమ్మకం. అందుకే గీత గీసేటప్పుడు హూయి ఊపిరి బిగబట్టేవాడు.

ఒక ఏడు జ్వరమొచ్చి ఆ దేశపు చిన్నరాజు పోయాడు. పాలపళ్ళయినా ఊడని పసివాడు. వాడి సమాధిలో హూయి బొమ్మలు వేస్తుంటే, వాడి తల్లి మెరిత్ రాణి ఆ కొండలోకి దిగి వచ్చింది.

"మావాడికి చీకటంటే భయం నాయనా," అంది. "దీపం ఆర్పితే నా చెయ్యి వదిలేవాడు కాదు. ఇక్కడ ఎవరి చెయ్యి పట్టుకుంటాడు?"

హూయి ఆమెను గోడ దగ్గరికి తీసుకెళ్ళాడు. దీపం ఎత్తి మొదటి గోడ చూపించాడు. పొట్టేలు తల ఉన్న సూర్యదేవుడు పడవెక్కి పాతాళపు నది దాటుతున్నాడు. పక్కనే చిన్నరాజు కూర్చున్నాడు.

"ఒంటరిగా పోడమ్మా," అన్నాడు హూయి. రాణి కన్నీళ్ళు ఆగలేదు.

ఆ తర్వాత రెండో గోడ. అక్కడ పడవను మింగడానికి కొండంత పాము నోరు తెరుచుకుని ఉంది. రాణి జంకింది. అప్పుడు హూయి కుంచె ఎర్రరంగులో ముంచి, పాము మెలికమెలికకూ ఒక కత్తి దించాడు.

"ఇక అది కదల్లేదమ్మా."

"మరి చీకటో?" అంది రాణి.

అప్పుడు హూయి దీపాన్ని పైకప్పు కేసి ఎత్తాడు.

ఏమని చెప్పను కన్నా. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఆకాశతల్లి వంగి ఉంది. నీలమంతా ఆవిడ ఒళ్ళే. ఒంటినిండా బంగారు చుక్కలే.

"సాయంత్రం సూర్యుణ్ణి మింగి, రాత్రంతా కడుపులో దాచుకుని, తెల్లారి మళ్ళీ కంటుంది. ఈ చీకటి ఆ తల్లి కడుపేనమ్మా," అన్నాడు.

కళ్ళు మాత్రం ఇంకా దిద్దలేదు. పోయిన పసివాణ్ణి తలుచుకుంటే, ఆ ఒక్క పనికీ హూయికి చెయ్యి ఆడలేదు. రాణి దీపం పట్టుకుంది. హూయి నిచ్చెనెక్కి ఒక కన్ను దిద్దాడు. ఆ తర్వాత రెండోది. దీపం రెపరెపలాడింది. పైనున్న తల్లి కిందికి చూసింది. హూయి గబగబా నిచ్చెన దిగిపోయాడు. తన చేత్తో గీసిన కళ్ళే, అయినా తలెత్తి చూడలేకపోయాడు.

రాణి మాత్రం, కొడుకును పడుకోబెట్టబోయే చోటే వెల్లకిలా పడుకుంది. చాలాసేపు అలాగే చూసింది. ఆ తర్వాత దీపం ఆర్పమంది.

హూయి ఆర్పేశాడు. కటికచీకటి.

"భయం వెయ్యడం లేదు నాయనా," అంది రాణి నెమ్మదిగా.

మర్నాడు చిన్నరాజును అక్కడే పడుకోబెట్టారు.

పొద్దు చేరె తల్లి ఒడికి,
పడవ చేరె ఆవలి దరికి,
కథేమో కంచికి, కునుకేమో నీ కంటికి.